గోల్ పోస్టు మీద రాయి చప్పుడు

పొగమంచులో నేను వెనక్కి తన్నిన బంతి మా గోలు పక్కనుంచి బయటికి వెళ్లిపోయింది. అటువైపు మనిషి లేడు. కొద్ది క్షణాల తర్వాత అదే బంతి నేలమీద మెల్లగా దొర్లుకుంటూ వచ్చి నా ఎడమ కాలి దగ్గర ఆగింది.

ఇది మొన్న జనవరిలో, మా పాత కాలేజీ మైదానంలో, ఉదయం ఏడున్నర ప్రాంతంలో జరిగింది. నేను పూర్తి మెలకువలో ఉన్నాను. జ్వరం లేదు. ముందురోజు ఏ మందూ వేసుకోలేదు.

నాకు దెయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. మాది బాప్టిస్టు మిషన్ కుటుంబం. మా నాన్న పాతపట్నం దగ్గర మిషన్ బడిలో పంతులు. పోయినవాళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతారనీ, వాళ్లకి ఊళ్లు పట్టుకు తిరిగే పని లేదనీ చెప్పేవాడు. ఆ తర్వాత ముప్పై ఐదేళ్లు పత్రికలో చేశాను. రాత్రిపూట గజ్జెల చప్పుడు వస్తోందని జనం ఖాళీ చేసిపోయిన వీధికి వెళ్లి, కప్పు మీద వదులైన రేకు చూపించి, వార్త రాసి వచ్చినవాణ్ని. ఏది విన్నా ఎవరు చూశారు, ఎక్కణ్నుంచి చూశారు అని అడగడం అలవాటైపోయింది. ఈ విషయంలోనూ అదే చేశాను. అడగవలసినవన్నీ అడిగాక రాస్తున్నాను.

మా కాలేజీలో ఒక ఆనవాయితీ ఉంది. ఏటా జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే పాత విద్యార్థులకీ ఇప్పటి విద్యార్థులకీ ఫుట్‌బాల్ ఆట. ఆ రోజుల్లో మా వైపు మంచు బాగా పడుతుంది. మైదానం మధ్యలో నిలబడితే రెండువైపులా గోల్ పోస్టులు కనబడవు. అయినా ఆట ఎనిమిదింటికో తొమ్మిదింటికో జరపరు. మేం చదువుకునే రోజుల్లో కూడా మంచులోనే ఆడేవాళ్లం, సాధన కూడా మంచులోనే.

అలా ఆడడానికి మాకొక పద్ధతి ఉండేది. దాన్ని కనిపెట్టినవాడు మా గోలీ, అంటే గోల్‌కీపర్, పైడిరాజు.

పైడిరాజు వాళ్ల నాన్న తప్పెటగుళ్ళ బృందంలో పెద్ద. గుండెలకి రేకు తప్పెట కట్టుకుని, దాన్ని వాయిస్తూ, ఎగురుతూ పాడే ఆట అది. ఆ దరువు పైడిరాజు వేళ్లలో ఉండేది. మంచు దట్టంగా ఉన్న రోజు వాడు గుప్పెట్లో పట్టే గులకరాయి ఒకటి తెచ్చుకునేవాడు. గోల్ పోస్టులు అప్పట్లో ఇనప గొట్టాలు. తన ఎడమచేతి వైపు పోస్టు మీద ఆ రాయితో కొట్టేవాడు. ఒక దెబ్బ, కాస్త ఆగి, వెంటవెంటనే రెండు. ఠంగ్. ఠంగ్ ఠంగ్. నేను లెఫ్ట్ బ్యాక్‌ని. ముందునుంచి ఎవరైనా మీదికొస్తే ఆ చప్పుడు విని, వెనక్కి చూడకుండానే ఎడమ పోస్టు వైపు బంతి దొర్లించేసేవాణ్ని. అప్పట్లో మనవాడిచ్చిన బంతిని గోలీ చేతుల్తో పట్టుకోవచ్చు. వాడు పట్టుకుని, అవతలివాడు వెళ్లిపోయాక, నేలమీద మెల్లగా నా ఎడమ కాలికి దొర్లించేవాడు. నేను ఎడమకాలి ఆటగాణ్ని. మూడేళ్లలో ఒక్కసారి కూడా వాడు కుడికాలికి ఇవ్వలేదు.

ఆఖరి సంవత్సరం మా జట్టు అంతర కళాశాలల ఫైనల్‌కి వచ్చింది. ఆట మా మైదానంలోనే. శ్రీకాకుళం వైపు కాలేజీ ఒకటి ప్రత్యర్థి. రైల్వే జట్టుకి మనుషుల్ని ఎంచడానికి ఒక కోచ్ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన చూడ్డానికి వచ్చింది ముఖ్యంగా పైడిరాజునే. ఆ సంగతి మా అందరికీ తెలుసు. వాడి ఇంట్లో ఉద్యోగం చూసినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

ఆట ఇంకో అయిదు నిమిషాల్లో ముగుస్తుందనగా అవతలి జట్టు ఫార్వర్డులు ఇద్దరు నా మీదికి వచ్చారు. వెనకాల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఠంగ్. ఠంగ్ ఠంగ్. ఎప్పటిలాగే ఎడమ పోస్టు నుంచి. నేను కంగారుపడ్డాను. బంతిని దొర్లించవలసింది పోయి గట్టిగా తన్నాను. అది కుడివైపుకి పోయింది. నా బంతి కోసం ఎడమ పోస్టు దగ్గర వంగి ఎదురుచూస్తున్న పైడిరాజుకి అది గోల్లోకి పోయినట్టు కూడా తెలీదు. వల కదిలిన చప్పుడు వచ్చాకే తెలిసింది.

ఆ మంచులో ఎవరికీ ఏమీ కనబడలేదు. అవతలి జట్టువాడొకడు చెయ్యి పైకెత్తి గోలు తనదేనన్నాడు. రిఫరీ అతని పేరే రాసుకున్నాడు. నేను నోరు మెదపలేదు.

పైడిరాజు నా దగ్గరికొచ్చి, "ఆడెప్పుడొచ్చినాడురా? నాను సూడనేదు" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నేనూ చూడలేదన్నట్టు.

అది ఒక తప్పు. రెండోది మర్నాడు చేశాను.

అప్పటికే నేనొక దినపత్రికకి మా ఊరి నుంచి వార్తలు పంపేవాణ్ని. సాయంత్రం బస్సు డ్రైవరు చేతికి కవరిస్తే రాత్రికి విశాఖపట్నం చేరేది. ఆ ఫైనల్ వార్త కూడా నేనే రాశాను. అందులో ఒక వాక్యం ఇది: గోల్‌కీపర్ ఎడమ పోస్టు దగ్గరే నిలిచిపోవడంతో ప్రత్యర్థికి కుడివైపు ఖాళీ దొరికింది.

ఆ వాక్యంలో ఒక్క 'ప్రత్యర్థికి' అన్న మాట తప్ప మిగతావన్నీ నిజాలే. ఈ విద్య పత్రికలో పనిచేసేవాళ్లకే వస్తుంది. నాకు ఇరవై ఏళ్లకే వచ్చేసింది.

పైడిరాజు ఆ వార్త టీకొట్టు దగ్గర చదివాడు. నాకు ఎదురుగానే చదివాడు. కాగితం మడిచి, "నువ్వు రాసింది రైటే. నాను ఆ పక్కే ఉండిపోనాను" అన్నాడు. రైల్వే నుంచి ఉత్తరం రాలేదు. ఆ వేసవిలోనే వాడు జూటుమిల్లులో చేరాడు. నేను విశాఖపట్నం వెళ్లిపోయాను. ఎప్పుడైనా ఊరొస్తే కలిసేవాళ్లం. ఆ ఆట మాట నేనెత్తలేదు. వాడెత్తితే మాట మార్చేవాణ్ని.

తర్వాత రోజుల్లో నేను డెస్కులో ఉండగా సవరణల పని పదకొండేళ్లు నా చేతిలో ఉంది. ఇంటిపేరు తప్పు పడితే సవరణ. ఒక మండలం బదులు ఇంకో మండలం పడితే సవరణ. చనిపోయినవారి వయసు రెండేళ్లు ఎక్కువ పడిందని ఒక పెద్దాయన పొందూరు నుంచి బస్సెక్కి వస్తే, మర్నాడే వేయించాను. ఇన్ని సవరణలు రాసిన చేత్తో ఆ ఒక్కటీ రాయలేదు.

పైడిరాజు మూడేళ్ల కిందట చనిపోయాడు. ఊపిరితిత్తుల జబ్బు. కబురొచ్చిన రోజు నాకు సెలవు దొరికేది. అడగలేదు.

మొన్న డిసెంబరులో రమణ ఫోన్ చేశాడు. అప్పట్లో మా జట్టు కెప్టెన్ వాడు. ఇప్పుడు ఆమదాలవలసలో రైసు మిల్లు నడుపుతున్నాడు.

"ఒరే పేపరోడా, ఈసారైనా వస్తన్నావా నేదా?"

మోకాళ్లు బాగాలేవన్నాను.

"నీ మోకాళ్లెవుడు సూస్తాడ్రా. పది నిమిషాలు నిలబడి ఎల్లిపో. ఈసారి పైడిగాడి పేరు మీద కప్పు పెడతన్నాం. ఆడి గురించి ఒక పేజీ రాసి అట్టుకునిరా. నువ్వు కాకపోతే ఎవుడు రాస్తాడు?"

రాశాను. వాడి చురుకుదనం గురించి, గులకరాయి గురించి, తప్పెట దరువు గురించి రాశాను. ఫైనల్ గురించి రాయలేదు. రమణ దాన్ని అచ్చు వేయించాడు.

ముందురోజు సాయంత్రం ఆమదాలవలసలో రైలు దిగి రమణ ఇంట్లో పడుకున్నాను. తెల్లారగట్ల వాడి కారులో కాలేజీకి వచ్చాం. దారిలో మంచుకి లైట్లు వేసుకునే నడిపాడు. మైదానం పక్కన ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మొదటి వరసలో పైడిరాజు భార్య పార్వతమ్మ శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. నేను రాసిన కాగితం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది. నేను దండం పెట్టి పక్కకి తప్పుకున్నాను.

మైదానం మారింది. ఉత్తరం వైపు కొత్త భవనం కట్టారు. దానికోసం అటు గోలుని ముందుకీ, కాస్త పడమరకీ జరిపారు. పాత ఇనప పోస్టులు పీకేసి చాలా ఏళ్లయింది. పాత గోలు ఉన్నచోట తోట వేయడానికని మట్టి గుల్ల చేసి వదిలేశారు. ఆ మట్టి భవనం వైపుకి, అంటే మాకు అవతలి వైపుకి, పల్లంగా ఉంటుంది. ఇవన్నీ తర్వాత చూసి రాసుకున్నవి. ఆట మొదలైనప్పుడు అటువైపు తెల్లటి మంచు తప్ప మరేమీ కనబడలేదు.

ఆ ఉత్తరం గోలే మాది. అందులో రమణ నిలబడ్డాడు. "నాను పరిగెత్తనేను. నా పొట్టే సగం గోలు మూసేస్తాది" అన్నాడు. నేను నా పాత చోటులో, ఎడమవైపు. కుర్రాళ్లు మర్యాదగానే ఆడుతున్నారు. మధ్యలో ఒకడు "తాతగారూ, మెల్లగా, పడిపోతారు" అంటే మావాళ్లు నవ్వారు.

ఆరేడు నిమిషాలు గడిచాయి. బంతి నా దగ్గరికొచ్చింది. మంచులోంచి ఇద్దరు కుర్రాళ్లు నా మీదికి వస్తున్నారు. అప్పుడు వెనకనుంచి వినబడింది.

ఠంగ్. ఠంగ్ ఠంగ్.

నేను ఆలోచించలేదు. అది కచ్చితంగా చెప్పగలను. ఆలోచించి ఉంటే అటు తన్నేవాణ్ని కాను. తిరిగి, ఆ చప్పుడు వచ్చిన వైపుకి బంతిని ఎడమకాలితో దొర్లించాను. ఈసారి గట్టిగా కాదు. మెల్లగానే.

"ఒరే, ఏటి, ఎటు తన్నినావురా?" అని రమణ గొంతు వినబడింది. బంతి వాడికి ఆరేడు అడుగుల పక్కనుంచి గీత దాటి మంచులోకి పోయింది. మామూలుగా అయితే ఆట ఆగాలి. రిఫరీకి ఏమీ కనబడక ఈల వేయలేదు. కుర్రాళ్లిద్దరూ బంతి ఎక్కడుందో తెలీక ఆగిపోయారు.

అప్పుడు అది తిరిగి వచ్చింది. దాని వెనక ఎవరూ రాలేదు. నేలమీద దొర్లుతూ రమణ పక్కనుంచే వచ్చి, నా ఎడమకాలి బూటుకి తగిలి ఆగింది. నేను దాన్ని తన్నలేకపోయాను. కుర్రాడొకడు మర్యాదగా పక్కనుంచి తీసుకుపోయి గోలు కొట్టేశాడు.

రమణకి చప్పుడు వినబడలేదు. బంతి పోవడం, రావడం చూశాడు. వెనకాల ఎవరో నిలబడి తిరిగి తన్నారనుకున్నాడు. సగం ఆట అయ్యాక ఇద్దరం అక్కడికి నడిచాం. అప్పటికి మంచు కొంచెం విచ్చింది. తడి మట్టి మీద బంతి వెళ్లిన గీత ఒకటి ఉంది, వచ్చిన గీత ఒకటి. మంచులోంచి ఎవరైనా వచ్చి వెళ్లి ఉంటే ఆ మట్టిలో మడమ దిగబడాలి. ఒక్క అడుగుజాడ కూడా లేదు. కొత్త గోలు నుంచి గీత మలుపు తిరిగిన చోటుకి పంతొమ్మిది అడుగులు. బంతి గుద్దుకుని వెనక్కి రావడానికి అక్కడ గోడ లేదు, రాయి లేదు. పల్లంలోకి పోయిన బంతి ఎత్తుకి తనంతట తాను రాదు.

రమణ ఆ మలుపు పక్కన వంగి చూశాడు. "పాత ఎడమ పోస్టు ఇక్కడే కదేటి?" అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత టీ గ్లాసులు పట్టుకుని జనం వచ్చి ఆ మట్టంతా తొక్కేశారు.

రెండో సగం నేను ఆడలేదు. పార్వతమ్మ పక్క కుర్చీలో కూర్చున్నాను. ఆట మొదలైన కాసేపటికే ఆవిడ ఒకసారి గబుక్కున లేచి నిలబడిందని పక్కవాళ్లు చెప్పుకుంటున్నారు. ఎందుకు లేచారని అడిగాను.

"గేటు కొట్టినట్టు ఇనబడింది అన్నియ్యా" అంది. "మిల్లు నుంచి వొస్తే ఆయన మా ఇంటి గేటు అలాగే కొట్టీవోడు. ఇక్కడ గేటెక్కడిదని మళ్లీ కూకున్నాను."

ఆట అయిపోయింది. కప్పు ఇచ్చేశారు. ఆవిడ దాన్ని కుర్రాళ్ల కెప్టెన్‌కి అందించింది. అందరూ ఉప్మా పొట్లాల దగ్గరికి వెళ్లాక, ఉండమని అడిగి, ఆవిడకి చెప్పాను. ఆ గోలు నేను తన్నిందనీ, మీ ఆయన తప్పు లేదనీ, తెలిసే ఆ వార్త అలా రాశాననీ చెప్పాను. ఇన్నేళ్లు నాలో నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను కాబట్టి చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు.

నా మనసులో ఒక ఆశ ఉండేది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఉండేది. పైడిరాజుకి అంతా తెలిసే ఉంటుందనీ, తెలిసే ఊరుకున్నాడనీ ఆవిడ అంటుందనుకున్నాను.

ఆవిడ చేతిలో కాగితం ఇంకో మడత పెట్టింది.

"ఆయనకి తెల్దు అన్నియ్యా. సచ్చిపోయినంతవరకు తప్పు తనదే అనుకున్నాడు. మంచు పడితే సాలు, గుమ్మంలో నిలబడి కుడిసెయ్యి సాపి సూసుకునీవోడు. ఇంకొక్క అడుగు ఏసుంటే అందీదే అనీవోడు. నాను ఓసారన్నాను, ఆ మంచులో ఎవుడికి తెల్సు, పేపరోళ్లు ఏదో రాసుంటారని. నా మీద కోప్పడిపోనాడు. మావోడే రాసినాడు, ఆడు అబద్దం రాస్తాడేటి, అన్నాడు."

ఆవిడ ఏడవలేదు. మైదానం వైపు తిరిగింది.

"మా పిల్లల్ని ఊళ్లో ఎక్కిరించీవోరు. మీ నాన్న గోలొదిలేసినాడని" అంది. "నాకు సెప్పి ఏటి లాభం? పేపర్లో పడింది కదా. పేపర్లోనే ఎయ్యండి."

ఆ వారంలో నా పాత డెస్కుకి వెళ్లాను. ఇప్పుడా పని చూస్తున్నది నేను నేర్పిన మనిషే. గౌరవంగా కూర్చోబెట్టింది, అంతా విన్నది. ముప్పై ఎనిమిదేళ్ల కిందటి ఆటకి సవరణ వేసే పద్ధతి లేదంది. ఆ పద్ధతి పెట్టింది నేనే. ప్రచురించిన వారంలోపు వచ్చినవాటికే సవరణ అని ఒకప్పుడు నా చేత్తోనే రాసి గోడకి అంటించాను.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఫైనల్లో గోలు ప్రత్యర్థి కొట్టింది కాదు. లెఫ్ట్ బ్యాక్ పొరపాటున సొంత గోల్లోకి తన్నింది. గోల్‌కీపర్ పైడిరాజు తాను ఉండవలసిన చోటే ఉన్నాడు. ఇది అచ్చయ్యాక కాపీ తీసుకుని పార్వతమ్మ ఇంటికి వెళ్తాను.

మిగిలింది ఆ బంతి సంగతి. ఫిబ్రవరిలో మళ్లీ ఒకసారి ఒంటరిగా కాలేజీకి వెళ్లాను. తోటమాలిని బతిమాలి, ఆ గీత మలుపు తిరిగిన చోట మోకాలి లోతు తవ్వించాను. పాత పోస్టు మొదలేమైనా మిగిలి ఉండి, దానికి ఏ రాయో తగిలి చప్పుడు వచ్చిందేమోనని. మట్టే ఉంది. కొట్టడానికి ఇనుమన్నది అక్కడ ఏదీ లేదు.

ఇంకొకటి. ఏది ముందు జరిగింది, ఏది తర్వాత జరిగింది అన్నది చూసుకోవడం నా వృత్తి. నేను నిజం చెప్పింది ఆట ముగిశాక, సుమారు తొమ్మిదింటికి. అప్పటిదాకా ఆ గోలు నా కాలిదేనన్న సంగతి బతికున్నవాళ్లలో నాకు తప్ప ఎవరికీ తెలీదు. పోయినవాడు తెలియకుండానే పోయాడు; నన్ను క్షమించి ఇచ్చాడనుకోవడానికి వీల్లేదు. బంతి నా ఎడమ కాలి దగ్గరికి వచ్చింది ఏడున్నరకి.